వదినగారి గొలుసు బ్యాంకులో ఉండగా

టంగుటూరు దగ్గరి పల్లె నుంచి పొగాకు పండించే కుటుంబపు సోదరి ఒకరు ఉత్తరం రాశారు. వేలంలో బేళ్లు అమ్మిన ప్రతిసారీ పదో వంతు తీసి మందిరంలో ఇస్తున్నారు; కిందటేడు మందిర నిర్మాణానికి యాభై వేలు పలికి, సగం చెల్లించారు. అయినా ఆకు కాల్చే బ్యారన్ కౌలు, కట్టెలు, కూలీల ఖర్చు పోగా చేతిలో ఏమీ మిగలడం లేదు. “ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును” అన్న వాగ్దానం తమ విషయంలో ఎందుకు నెరవేరడం లేదు, ఇంకా ఎక్కువ ఇవ్వాలా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, ఎక్కువ ఇవ్వనక్కరలేదు. లూకా సువార్త ఆరో అధ్యాయంలో ఆ మాటకు ముందున్నవి కూడా చదవండి. తిరిగి వస్తుందన్న ఆశ లేకుండా అప్పివ్వమని, కనికరం చూపమని, క్షమించమని చెబుతూ ప్రభువు ఆ వరుసలోనే ఈ మాట అన్నారు. ఇంత వేస్తే ఇంత వస్తుందన్న లెక్క అక్కడ లేదు. కష్టంలో ఉన్న రైతు చేత కానుకలు పలికించి, రాబడి ఖాయమని చెప్పేవారి బోధ నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

మన జిల్లాలో ఇంతకంటే మంచి మాదిరి ఉంది. 1876-78 నాటి కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికే ఏర్పాటు చేశారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, ఆ సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపివేశారు. ఇవ్వడమంటే అలా ఉండాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉత్తరం చివర, వేరే ఏదో చెబుతూ, మీరు రెండే రెండు వాక్యాలు రాశారు: మూడేళ్ల కిందట బ్యారన్ పెట్టుబడికి మీ పెద్ద ఆడబిడ్డ తన నాలుగు సవర్ల గొలుసు తీసి ఇచ్చారనీ, అది ఇంకా కుదువలోనే ఉందనీ, ఆమె నోరు తెరిచి అడగలేదు గనుక తరువాత చూడవచ్చనుకున్నారనీ. భర్త పోయిన మనిషి, కుట్టుపని మీద బతుకుతూ కూతురిని నర్సింగ్ చదివిస్తున్న మనిషి. కిందటి క్రిస్మస్‌కు బోసి మెడతోనే మీ ఇంటికి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని పొద్దుపోయేదాకా అరిసెలు వత్తి వెళ్లారని కూడా మీరే రాశారు.

మీరు ఎదురుచూస్తున్న ఆ నిండు కొలతను ఎవరు కొలుస్తారని ఆ వచనంలో ఉంది? మనుష్యులు మీ ఒడిలో కొలుతురు అని ఉంది. మీ వదినగారు కొలిచారు. మూడేళ్లుగా మీరు పుచ్చుకున్నవారే గాని ఇచ్చి నష్టపోయినవారు కారు. దేవుడు బాకీ ఉన్నాడని లెక్క వేసుకుంటున్న ఇంట్లో ఒక విధవరాలి బాకీ లెక్కకు రాకపోవడం నన్ను చాలా బాధపెట్టింది. ఆడబిడ్డ పుట్టింటికి పెట్టేది ఊరికే పెట్టినట్లేనన్న ధీమా మన ఇళ్లలో చాలా ఉంది. అది అన్యాయం. అడగని మనిషి సొమ్మును అడిగిన మనిషి సొమ్ము కంటే ముందు తీర్చాలి.

ద్వితీయోపదేశకాండము పద్నాలుగో అధ్యాయంలో, మూడేళ్లకొకసారి ఆ దశమభాగమే ఆలయ సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులూ తండ్రిలేనివారూ విధవరాండ్రూ తిని తృప్తిపొందడానికి ఉంచమన్న ఆజ్ఞ ఉంది. దేవునికి అర్పితమన్న పేరుతో తల్లిదండ్రులకు చేయవలసినది ఎగ్గొట్టినవారిని మార్కు సువార్త ఏడో అధ్యాయంలో యేసు గట్టిగా మందలించారు. తోబుట్టువుకు కూడా అది వర్తిస్తుందనే నేను నమ్ముతాను.

కాబట్టి ఈ సీజన్‌లో వేలం డబ్బు ఖాతాలో పడగానే, మందిరానికి పలికిన మిగతా పాతిక వేల కంటే ముందు ఆ గొలుసు విడిపించండి. కానుక ఎందుకు ఆలస్యమవుతుందో మీ పాస్టరు అయ్యగారికి చెప్పండి, దాచవద్దు. అప్పు తరువాత, అర్పణ ముందు అని ఆయన అంటే మార్కు ఏడో అధ్యాయం ఆయన ముందే తెరవండి. మీవారు అక్క ఎదుట పడలేక ఆ ఇంటికి వెళ్లడం తగ్గించారని రాశారు. ఆయనను ఒంటరిగా పంపవద్దు, మీరూ వెళ్లండి, గొలుసు మీ చేతులతో ఇవ్వండి. “ఇప్పుడేం తొందరొచ్చింది” అని ఆమె అంటారు. ఆ మాట పట్టుకుని మాత్రం వెనక్కి రావద్దు.

కుదువ రసీదు ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. ఆమె పేరున ఉంటే విడిపించడానికి ఆమె బ్యాంకుకు రావలసి ఉంటుంది, గడువు దాటితే వేలం నోటీసు కూడా ఆమెకే వెళుతుంది. ముందుగా ఈ రోజే రసీదు తీసి గడువు తేదీ చూడండి, ఆ తరువాత ఆమెకు ఫోను చేయండి.