భూస్థాపన ఎవరు చేయాలన్నది తర్వాతి మాట

గుంటూరు జిల్లా నుండి ఒక యువ పాస్టరు రాసిన ఉత్తరమిది. నలభై ఏళ్లు సేవ చేసిన తండ్రికి ఊపిరితిత్తుల కాన్సర్ ముదిరిపోయి, ఇక చేసేదేమీ లేదని వైద్యులు ఇంటికి పంపించారు. ఆయన తన భూస్థాపన సంగతి ఎత్తినప్పుడల్లా తల్లి, "అవి విశ్వాసి పలికే మాటలు కావు, స్వస్థత కోసం ప్రార్థించండి" అని ఆపేస్తున్నారట. తండ్రి భూస్థాపన తానే జరిపించవచ్చా, పక్క సంఘం పాస్టరును పిలవాలా అన్నది ఈ యువ పాస్టరు ప్రశ్న.

బాబూ, ఆ రోజు మీరు పెట్టె మోయవలసిన కొడుకు గనుక, వాక్యం చెప్పే పని పక్క సంఘం పాస్టరు గారికి అప్పగించండి. మీ ప్రశ్నకు ఇంతకు మించి జవాబు అక్కర్లేదు.

అమ్మగారి మొండితనం గురించి ఒక పేజీ నిండా రాసిన మీరు, నాన్నగారు ఏమి చెప్పబోయారో ఒక్క ముక్క కూడా రాయలేదు. అంటే మీరు విననే లేదు. ఊళ్లో ఎవరింట చావు జరిగినా "పునరుత్థానమును జీవమును నేనే" అని నిబ్బరంగా చదివే మీరు, కన్నతండ్రి మంచం దగ్గర మాత్రం నాలుగు మాటల ప్రార్థన చేసి లేచిపోతున్నారు. అమ్మగారి అడ్డు మీకు సాకుగా దొరికింది. నా దృష్టిలో అది భక్తి కాదు, కొడుకుగా చేయవలసిన పని ఎగవేయడం.

యాకోబు చనిపోయే ముందు కొడుకులందరినీ పిలిచి, తనను తన పితరుల సమాధి అయిన మక్పేలా గుహలో పాతిపెట్టమని, అక్కడ ఎవరెవరున్నారో పేర్లతో సహా చెప్పాడు. అలా అనవద్దని ఒక్క కొడుకైనా వారించినట్లు ఆదికాండములో లేదు. ఇక అమ్మగారికి యెషయా 38వ అధ్యాయం చదివి వినిపించండి. "నీ యిల్లు చక్కబెట్టుకొనుము" అని, అంటే చావుకు సిద్ధపడమని, జబ్బుపడిన హిజ్కియా రాజుకు కబురు పంపిన దేవుడే, అతని ప్రార్థన విని 15 ఏళ్ల ఆయుష్షు కూడా ఇచ్చాడు గనుక, స్వస్థత కోరడానికీ చావు గురించి మాట్లాడడానికీ వైరమేమీ లేదని ఆమెకే అర్థమవుతుంది.

నాన్నగారి సొంత ఊరు వేరని, అక్కడి మీ చిన్నాన్నలు హిందువులని రాశారు. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఒక పాస్టరు గారిని సొంత ఊళ్లో పూడ్చనివ్వకపోతే, ఆయన కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. దేహం సుమారు ఇరవై రోజులు మార్చురీలో ఉండి, చివరికి వేరేచోటి క్రైస్తవ శ్మశానానికి చేరింది. కాబట్టి ఏ ఊరి సమాధుల తోటలో పెట్టాలో, భూస్థాపన తర్వాతి ఆదరణ కూడిక ఎక్కడ జరపాలో, తీర్చవలసిన అప్పులేమిటో, మందిరం స్థలం కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో అడగండి. ఆ చివరిది మరీ ముఖ్యం. పాస్టరు పోయిన వెంటనే స్థలం కోసం రెండుగా చీలిన సంఘాలు మీకూ తెలిసే ఉంటాయి.

ఆయనకు ఆయాసం తక్కువగా ఉన్న పూట చూసి కూర్చోండి, అమ్మగారినీ కూర్చోబెట్టండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి గాని మాట మార్చవద్దు. ఆయన చెప్పినవన్నీ రాసి, సంతకం చేయించి, మీ చిన్నాన్నలకు ఒక ప్రతి ఇప్పుడే పంపండి.