ఒకే వీడియోకి ఇద్దరి మార్కులు కలవకపోతే

సర్జరీ ట్రైనీ ల్యాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్ పద్ధతి) కుట్టు వేసిన వీడియో ఒకటే, గోల్స్ స్కేల్‌లో ఒకరు 12, మరొకరు 21 వేశారని, ఏం చేయాలని అడిగారు. గోల్స్ అంటే ఈ నైపుణ్యాన్ని ఐదు అంశాల్లో, ఒక్కోదానికి 1 నుంచి 5 వేసి, మొత్తం 25కి కొలిచే స్కేల్. ఇంత తేడా సాధారణంగా ట్రైనీ వల్ల రాదు, కొలతలోనే వస్తుంది. ఆ స్కేల్‌లో వివరణ 1, 3, 5కే ఉంటుంది; 2, 4 ఎవరికి తోచినట్టు వాళ్లు వేస్తారు.

1. 'స్వతంత్రత' అంశం తీసేయండి. పక్కవాళ్లు ఎంత చెప్పి చేయించారో ఆడియో లేని వీడియోలో తెలీదు. మిగతా నాలుగూ కలిపి 20కి వేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: అసలు వీడియోలకు ముందు బలహీనం, మధ్యస్థం, మంచిది అని మూడు నమూనాలు పెట్టి ఇద్దరితో విడివిడిగా వేయించండి. ఏ అంశంలోనైనా 2 మార్కుల తేడా వచ్చిన చోట వీడియో ఆపి మాట్లాడుకోవాలి. ఉదాహరణకి, సూదిని దాని వంపు వెంట తిప్పకుండా నేరుగా గుంజితే పెన్రోజ్ గొట్టం (కుట్టు సాధనకు వాడే మెత్తటి రబ్బరు గొట్టం) మీది చీలిక సాగుతుంది. అది 2నా, 3నా? తేల్చి రాసిపెట్టుకోండి. తర్వాత కొత్త నమూనాలతో మళ్లీ.

3. ఫైల్ పేరులో ట్రైనీ పేరు, శిక్షణ సంవత్సరం వద్దు; వీడియో ఎవరిదో మార్కులు వేసేవాళ్లకి తెలియకూడదు.

4. కోరిలేషన్ (ఇద్దరి మార్కులు కలిసి పెరిగి తగ్గుతున్నాయా అని చెప్పే అంకె) చూసి మురిసిపోవద్దు. ఒకరు ప్రతిసారీ 4 తక్కువ వేసినా అది 1 చూపిస్తుంది. ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్ కోఎఫిషియంట్) తీయండి, 'అబ్సొల్యూట్ అగ్రిమెంట్' ఎంచుకుని; అప్పుడు మార్కులు నిజంగా ఒకటేనా అని చూస్తుంది.