పాఠకుల ప్రశ్నలు: లాగ్ ఫైలు ఖాళీ చేసే ఆదేశంలో చుక్కా, గీతా, బ్రాకెట్టూ

ప్రశ్న: మేము రెండు మల్టీవాల్యూ (ఒకే గడిలో అనేక విలువలు దాచగల) డేటాబేస్‌లను చూసుకుంటున్నాము. ఒకటి యూనివర్స్, రెండోది పాత పిక్ యంత్రం నుంచి వచ్చిన వ్యవస్థ. లాగ్ ఫైలును ఖాళీ చేసే ఆదేశం ఒకచోట ‘క్లియర్.ఫైల్’ అని చుక్కతోనూ, మరొకచోట ‘క్లియర్-ఫైల్’ అని గీతతోనూ ఉంది. పాత నోట్సులో దాని పక్కన బ్రాకెట్టు కూడా కనిపిస్తోంది. వీటిలో ఏది సరైనది?

జవాబు: మూడూ సరైనవే. ఏ రూపం ఎక్కడ చెల్లుతుందన్నది మీ వ్యవస్థ ఏ వంశానికి చెందినదో దాన్ని బట్టి ఉంటుంది. 1965 ప్రాంతంలో డిక్ పిక్, డాన్ నెల్సన్ మొదలుపెట్టిన పని 1973లో మైక్రోడేటా వారి రియాలిటీగా మార్కెట్లోకి వచ్చింది. ఆ శాఖలో ఆదేశాల పదాల మధ్య గీత పెట్టడం ఆనవాయితీ. ఆ భావననే తీసుకుని ప్రైమ్ కంప్యూటర్ల కోసం తయారైన ‘ఇన్ఫర్మేషన్’ మాత్రం చుక్కను ఎంచుకుంది. యూనివర్స్ ఈ రెండో దారిలో వచ్చినా పాత పిక్ వాడుకరులను కూడా ఆకర్షించాలి కనుక, ‘ఫ్లేవర్’ అనే ఏర్పాటుతో ఒక్కో అకౌంటుకు ఒక్కో వంశపు అలవాట్లు ఇచ్చింది. ఐడియల్, ఇన్ఫర్మేషన్, పిక్, రియాలిటీ వంటివి ఆ ఫ్లేవర్ల పేర్లే. కాబట్టి ఒకే సర్వర్‌లోని రెండు అకౌంట్లలో కూడా ఒకే ఆదేశం వేరుగా ప్రవర్తించవచ్చు.

బ్రాకెట్టు సంగతి ఇది. పాత పిక్ వ్యవస్థల్లో ఒక ఫైలుకు నిఘంటు భాగం (ఫీల్డ్ నిర్వచనాలు ఉండేది), డేటా భాగం (అసలు రికార్డులు ఉండేది) అని రెండు ఉంటాయి కనుక, ఏది ఖాళీ చేయాలో ‘(డేటా లాగ్స్)’ అనో ‘(డిక్ట్ లాగ్స్)’ అనో బ్రాకెట్లో స్పష్టంగా చెప్పేవారు. యూనివర్స్‌లో ‘క్లియర్.ఫైల్ లాగ్స్’ అని మాత్రమే కొడితే డేటా భాగం ఖాళీ అవుతుంది, నిఘంటువు జోలికి పోదు. అయినా ‘డేటా’ అన్న మాటను ప్రతిసారీ రాయమనే నా సలహా. పొరపాటున ‘డిక్ట్’ అని కొట్టినవారికి ఆ ఫీల్డ్ నిర్వచనాలన్నీ మళ్ళీ తయారు చేసుకోవడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఒకే నిఘంటువు కింద అనేక డేటా ఫైళ్ళు ఉంటే, ఫైలు పేరు తరువాత కామా పెట్టి ఉపఫైలు పేరు ఇవ్వాలి.

మీ అకౌంటు ఏ వంశానిదో ఊహించుకోనక్కరలేదు. యూనివర్స్‌లో టీసీఎల్ ప్రాంప్టు (ఆదేశాలు టైపు చేసే చోటు) దగ్గర ‘సీటీ వోక్ రెల్‌లెవెల్’ అని కొడితే విడుదల సంఖ్యతో పాటు ఫ్లేవర్ పేరు కూడా కనిపిస్తుంది. ‘సీటీ’ అంటే ఒక రికార్డును తెరపై చూపే ఆదేశం, ‘వోక్’ అంటే ఆ అకౌంటుకు తెలిసిన ఆదేశాల పేర్లుండే ఫైలు. ‘సీటీ వోక్’ తరువాత మీరు వాడబోయే ఆదేశాన్ని ఇస్తే, ఆ పేరుతో వోక్‌లో రికార్డు ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. రికార్డు లేకపోతే మీరు ఏ విరామచిహ్నం పెట్టినా ప్రయోజనం లేదు. యూనిడేటా అనే మరో మల్టీవాల్యూ డేటాబేస్‌లో ఇలాంటి తేడాను ‘ఈసీఎల్‌టైప్’ అనే అమరిక నిర్ణయిస్తుంది. దానికి పి, యు అని రెండు విలువలు ఉన్నాయి. బేసిక్ ప్రోగ్రాముల్లో మాత్రం ‘క్లియర్‌ఫైల్’ అని మధ్యలో ఏమీ లేకుండా రాయాలి, దానికి ఫైలు పేరు కాక, తెరిచిన ఫైలు చరరాశిని ఇవ్వాలి. వేరొకరి తాళం (లాక్) ఫైలు మీద ఉంటే ఏం చేయాలో చెప్పడానికి యూనివర్స్‌లో దానికి ‘లాక్డ్’ అనే ఉపవాక్యం కూడా ఉంది.

ప్రశ్న: మా యూనివర్స్ అకౌంట్లో ‘&పీహెచ్&’ అనే ఫైలు పెరిగిపోతోంది. దాన్ని మొత్తంగా ఖాళీ చేయవచ్చా? పాతవి మాత్రమే తీసేయడం సాధ్యమా?

జవాబు: ఫాంటమ్‌గా, అంటే తెర వెనుక నడిపిన ప్రతి పనీ తన అవుట్‌పుట్‌ను అక్కడ ఒక రికార్డుగా వదులుతుంది. రికార్డు పేరులోనే తేదీ దాగి ఉంటుంది. ఉదాహరణకు ‘లెడ్జర్_37245_20000’ అనే పేరును విప్పి చూద్దాం. మొదటి భాగం ఆదేశం పేరు, రెండోది అర్ధరాత్రి నుంచి లెక్కించిన సెకన్లు, మూడోది 1967 డిసెంబర్ 31ని సున్నాగా పెట్టుకుని లెక్కించిన రోజులు. అంటే ఈ పని 2022 అక్టోబర్ 3న ఉదయం 10 గంటల 20 నిమిషాల 45 సెకన్లకు మొదలైంది. చివరి అండర్‌స్కోర్ తరువాతి సంఖ్యను విడదీసే ఒక నిఘంటు అంశాన్ని రాసుకుంటే, ఫలానా రోజుకంటే పాతవాటిని సెలెక్ట్ చేసి (అంటే వాటి పేర్ల జాబితా తయారు చేసి) ‘డిలీట్’ ఆదేశంతో తీసివేయవచ్చు. ‘చివరి’ అని నొక్కి చెప్పడానికి కారణం, ఆదేశం పేరులోనే అండర్‌స్కోర్ ఉండే అవకాశం ఉండడమే.

మొత్తంగా ఖాళీ చేయడానికి అడ్డు లేదు, కానీ ఏ ఫాంటమ్ కూడా నడవని సమయం చూసుకోండి. యూనిక్స్‌లో నడుస్తున్న పని తెరిచి ఉంచిన ఫైలును తొలగిస్తే పేరు పోతుంది గానీ, ఆ పని ముగిసేదాకా డిస్కు స్థలం విడుదల కాదు. పైగా అది ఇకపై రాసేదంతా ఎవరికీ కనిపించకుండా పోతుంది. స్థలం కోసం చేసిన పని స్థలం ఇవ్వకపోగా, రేపు తప్పు వెతకడానికి ఉపయోగపడే ఆధారం కూడా మాయమవుతుంది.

టీసీఎల్‌ను పక్కన పెట్టి నేరుగా యూనిక్స్ షెల్‌లోకి వెళ్ళి తుడిచేవారికి మరో మాట. షెల్‌కు ‘&’ గుర్తు అంటే ‘ఈ పనిని వెనుక నడుపు’ అని అర్థం. కోట్లు పెట్టకుండా ఆ పేరు రాస్తే షెల్ దాన్ని ముక్కలు చేస్తుంది. మీరు ఒక డైరెక్టరీలోకి మారామనుకుంటారు కానీ నిజానికి మారి ఉండరు, ఆ వెంటనే ‘అన్నీ తీసెయ్’ అంటే పోయేది మీరు నిలుచున్న డైరెక్టరీలోని ఫైళ్ళే. అందుకే పేరుకు కోట్లు తప్పనిసరి.

ప్రశ్న: ‘క్లియర్‌సెలెక్ట్’ వాడితే లాగ్ ఖాళీ అవుతుందా?

జవాబు: అవదు. అది మీ సెషన్‌లో చేతిలో ఉన్న సెలెక్ట్ జాబితాను మాత్రమే పారేస్తుంది, ఫైలులోని రికార్డులను ముట్టుకోదు. అయితే ‘డిలీట్’ ఆదేశానికి ముందు అవసరం లేని పాత జాబితా ఏదైనా మిగిలి ఉంటే, దాన్ని వదిలించుకోవడానికి ఇదే వాడాలి. ఇక ‘డిలీట్.ఫైల్’ వేరు. అది రికార్డులతో పాటు ఫైలునే తీసేస్తుంది. ఆ తరువాత దానికి రాయబోయిన ప్రోగ్రాములన్నీ ఫైలు తెరవలేక ఆగిపోతాయి.