బాబు ముట్టుకున్నందుకు కాదక్కా

అక్కా, మీ కుందేలు తొలి ఈతలో ఆరు పిల్లలను బోను ఇనుప జాలీ మీదే ఈని వదిలేసిందని, తెల్లారేసరికి అన్నీ చనిపోయాయని, బాబు ముట్టుకున్నందుకే అలా అయిందని ఇంట్లో అంటున్నారని రాశారు. ముందు ఆ మాట బాబు మనసులోంచి తీసేయండి. రోజూ మేత పెట్టే చేతులు తాకితే తల్లి పిల్లలను వదిలేయదు. గూడుపెట్టె లేక చలికి పోయాయి. పుట్టినప్పుడు వాటికి ఒంటి మీద బొచ్చే ఉండదు, పైగా మన హనుమకొండలో డిసెంబర్ రాత్రులు మీకు తెలుసు కదా.

ఈసారి మగదానితో కలిపిన తేదీ క్యాలెండర్ మీద బాబుతోనే రాయించండి. 31 రోజులకు అటూ ఇటూగా ఈనుతుంది. 28వ రోజున గూడుపెట్టెగా ఒక చెక్కపెట్టెలో ఎండు వరిగడ్డి వేసి బోనులో పెట్టండి. పొట్ట కింది బొచ్చు పీకి పరుస్తుంటే టైం దగ్గరపడ్డట్టే.

పాలివ్వట్లేదని టెన్షన్ పడకండి, రోజుకు ఒకటి రెండు సార్లు, అదీ కొద్ది నిమిషాలే ఇస్తుంది. పొద్దున పిల్లల పొట్ట గుండ్రంగా ఉంటే తాగినట్టు, చర్మం ముడతలు పడితే తాగనట్టు. మా పాప చేతులు కడుక్కుని రోజూ చూసేది అదే. చల్లబడిన పిల్లను అరచేతుల మధ్య చాలాసేపు వెచ్చగా పట్టుకుంటే మా దగ్గర ఒకటి బతికింది.

మార్చి దాటాక మాత్రం కలపకండి. మన వరంగల్ మే ఎండకు పెద్ద కుందేలే తట్టుకోలేదు.