చిన్ షి హువాంగ్ సమాధిని చైనా ఇంకా ఎందుకు తవ్వలేదు?

చైనా మొదటి చక్రవర్తి సమాధి అది. తవ్వకపోవడమే మంచిదైంది. నన్నడిగితే మన జీవితకాలంలో దాన్ని ముట్టుకోకూడదు. ఆ సమాధి ఉన్న షియాన్‌లోనే నేను ఎంబీబీఎస్ చదివాను, సమాధికి కాపలాగా కాస్త దూరంలో పాతిపెట్టిన మట్టి సైనికులను మూడుసార్లు చూశాను. పైగా కుమ్మరి ఇంటి పిల్లాణ్ణి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

యూట్యూబ్‌లో ఈ సమాధి గురించి ఏ వీడియో చూసినా పాదరసం నదులు, తెరిస్తే బాణాలు దూసుకొస్తాయి అనే గోలే. రాజు క్రీ.పూ. 210లో చనిపోతే, దాదాపు వందేళ్ల తర్వాత సిమా చియాన్ రాసిన చరిత్రలో ఆ మాటలున్నాయి, నిజమే. సమాధి పైనున్న దిబ్బ మట్టిలో పాదరసం ఎక్కువగా ఉందని పరీక్షల్లో తేలింది కూడా. కానీ అదే చరిత్రలో మట్టి సైన్యం గురించి ఒక్క ముక్క లేదు. ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఆ సైనికుల దగ్గర దొరికిన కత్తులకు పాడవకుండా క్రోమియం పూత పూశారని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఆ క్రోమియం కత్తుల పిడికి, ఒరకు వాడిన లక్క (అక్కడి చెట్టు పాలతో చేసే పూత) నుంచి అంటుకున్నదని 2019లోనే తేల్చారు. "తెరిచి చూస్తే పోలా" అనేవాళ్లను చూస్తే, మన ఊళ్లలో గుప్తనిధులంటూ పాత గుళ్లలో నంది కింద తవ్వేవాళ్లే గుర్తొస్తారు నాకు.

2018లో రెండోసారి వెళ్లినప్పటి సంగతి చెబుతాను. రైల్వే స్టేషన్ దగ్గర 306 నంబరు బస్సెక్కి వెళ్లాను. సైనికులు బయటపడ్డ గుంటల్లో ఒకటోది 230 మీటర్ల పొడవు. ముందు వైపంతా సెల్ఫీల తోపులాట, నిలబడటానికే చోటుండదు. నేను చివరికంటా నడిచాను. అక్కడ విరిగిన సైనికులను అతికిస్తుంటారు, దాన్ని ఆసుపత్రి అనే పిలుస్తారు. తల లేనివాళ్లు, చెయ్యి లేనివాళ్లు, ఒంటికి పట్టీలు కట్టించుకుని నిలబడి ఉంటారు. గుంట మీద అప్పట్లో వేసిన కర్ర పైకప్పు కాలి కూలడంతో దాదాపు అన్నీ ముక్కలైపోయాయి. మనం ఫోటోల్లో చూసే వరసలన్నీ అలా అతికించి నిలబెట్టినవే.

అక్కడి నుంచి మా తాతయ్యకు వీచాట్‌లో వీడియో కాల్ చేశాను. అరవై ఏళ్లు సారె తిప్పిన మనిషి. రాజెవరు, ఎప్పటివాడు అని అడగలేదు. మొదటి మాటే, "లోపల డొల్లేనా, నిండా మట్టేనా రా?"

"కాళ్లు నిండు తాతా. మొండెం డొల్ల. మట్టి తాళ్లు చుట్టలు చుట్టుకుంటూ లేపారంట. తల విడిగా చేసి పెట్టారు."

"అంతే మరి. నిండుగా చేస్తే ఆవంలో పగిలి చస్తది."

రెండో గుంట దగ్గర అద్దాల పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఉంటాడు. కిందికి కూర్చున్నవాడు కాబట్టి పైకప్పు కూలినా పెద్దగా దెబ్బ తగల్లేదు. వెనక్కి వెళ్లి వాడి కుడికాలి చెప్పు అడుగు చూపించాను. కుట్లన్నీ చుక్కలు చుక్కలుగా ఉంటాయి. వేళ్ల దగ్గర, మడమ దగ్గర ఒత్తుగా, మధ్యలో పలచగా. తాతయ్య "ఫోన్ కదపకు" అన్నాడు. చాలాసేపు చూశాడు.

ఆ బొమ్మల మీద చేసినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. 80కి పైగా పేర్లు దొరికాయి. గౌరవించడానికి వేయించినవి కావు, పనిలో తేడా వస్తే పట్టుకోవడానికి. ఏదైతేనేం, 2,200 ఏళ్ల కిందటి కుమ్మరి పేరు మిగిలింది. మా తాతయ్య చేసిన ఏ కుండ మీదా ఆయన పేరు లేదు. నాకు అది చాలా బాధ. ఏడు లక్షల మందితో సమాధి కట్టించాడని రాజు గొప్ప చెబుతారు గానీ, ఆ చెప్పు కుట్లు దిద్దింది రాజు కాదు కదా.

విలుకాడి వీపు మీద కవచం ముడుల్లో ఎర్రరంగు ఇంకా కొంచెం ఉంది. అది చూసి తాతయ్య, మిగతావాళ్లు బూడిద రంగులో ఎందుకున్నారని అడిగాడు. అందరికీ రంగులుండేవని చెప్పాను. ముఖాలకు గులాబీ, బట్టలకు ఎరుపు, ఆకుపచ్చ, ఊదా. 1974లో రైతులు బావి తవ్వుతుంటే ఇవి బయటపడ్డాయి. ఆ తర్వాత తవ్వకాల్లో గాలి తగలగానే రంగు కింద పూసిన లక్క నిమిషాల్లో ఎండి, ముడుచుకుని, రంగుతో సహా ఊడిపోయింది. అప్పుడు దాన్ని ఆపే దారి ఎవరికీ తెలియదు.

తాతయ్యకు కోపమొచ్చింది. "తడి గోనె కప్పొచ్చు కదరా!"

పచ్చి కుండ ఎండకు బీటలివ్వకుండా ఆయన చేసే పని అది. ఇప్పుడు చేసేదీ దాదాపు అదే. జర్మనీ నిపుణులతో కలిసి పద్ధతి కనిపెట్టారు. ముక్క బయటపడగానే తడి ఆరనివ్వరు, మందు పట్టించి ప్లాస్టిక్ చుట్టేస్తారు. బొమ్మలకైతే అది సరిపోతుంది. సమాధి లోపల పట్టు ఉందో, కర్ర ఉందో, ఇంకేం ఉందో. వాటన్నిటికీ సరిపడా తడి గోనె దొరికాక అప్పుడు చూద్దాం.