అంటువ్యాధుల మోడలింగ్, టీకాల ఆర్థికశాస్త్రంలో పని ఎలా ఉంటుంది? ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సరిపోతుందా?

ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నానని, ఇంట్లో బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారని, ఈ రంగంలో గణితం వస్తే చాలా అని అడిగారు. నేను చదివింది కూడా ఆ ఎమ్మెస్సీయే. పన్నెండేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. ‘మా అమ్మాయి లెక్కలు చదివి దోమల వెంట పడింది’ అని మా నాన్న ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంటారు.

ఆయన ఎగతాళికి అన్నా మా రంగం మొదలైంది దోమలతోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడని బడిలో చదువుకున్నాం. తర్వాత ఆయన సమీకరణాల్లోకి దిగిన సంగతి ఆ పాఠంలో ఉండదు. ఊళ్లోని దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం అని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. అన్నీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కంటే తక్కువకు తెస్తే మలేరియా దానంతట అదే ఆరిపోతుందని రాస్ లెక్క కట్టి చూపాడు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు ఆ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. మెకెండ్రిక్ ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన వైద్యుడు. వాళ్ల వ్యాసంలో సిద్ధాంతానికి సరిపోల్చి గీసిన గీత 1905-06లో బొంబాయి ప్లేగు మరణాలది. మేము రోజూ వాడే మోడళ్లు ఆ ఇంటి పిల్లలే.

ఇక గణితం సంగతి. లోపలికి రావడానికి అది చాలు. జనాన్ని మూడు గదుల్లో పెడతాం: జబ్బు రాగలవాళ్లు, వచ్చినవాళ్లు, వచ్చి తగ్గినవాళ్లు. ఒక గదిలోంచి మరో గదిలోకి ఎంత వేగంగా వెళుతున్నారో రాస్తాం. తట్టు వచ్చిన ఒక్క బిడ్డ, ఎవరికీ రక్షణ లేనిచోట, 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. 15 అనుకుంటే, వాళ్లలో 14 మందికి రక్షణ ఉంటేనే జబ్బు పాకడం ఆగుతుంది. అంటే 93 శాతం. ఈ మాత్రం ఇంటర్ పిల్లలు కూడా చేస్తారు. మామూలు బుద్ధికి తోచేది తలకిందులయ్యే చోట మాకు అసలు పని దొరుకుతుంది.

2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైంది. తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ, అంతకుముందు తట్టు టీకా వేయించుకున్నా సరే, మళ్లీ వేశారు. మా పిన్ని ఫోన్ చేసింది. “మా వాడికి చంటిప్పుడే వేయించాం కదే, తొమ్మిదో తరగతిలో మళ్లీ సూది ఎందుకు? వాట్సాప్‌లో ఏవేవో వస్తున్నాయి, ఆ రోజు బడి మాన్పించనా?” అని.

ఇలా చెప్పాను. రుబెల్లా పిల్లలకు వస్తే రెండు మూడు రోజుల జ్వరం, కాస్త దద్దుర్లు, అంతే. గర్భిణికి తొలి మూడు నెలల్లో వస్తే మాత్రం కడుపులోని బిడ్డ చూపు, వినికిడి, గుండె దెబ్బతినవచ్చు. టీకా అసలు లేనిచోట ఈ వైరస్ ఎంత విచ్చలవిడిగా తిరుగుతుందంటే చాలామంది ఆడపిల్లలకు చిన్నతనంలోనే వచ్చి పోతుంది. ఇప్పుడు పసిపిల్లల్లో సగం మందికే టీకా వేశామనుకోండి. వైరస్ పోదు, నెమ్మదిస్తుంది. టీకా పడని అమ్మాయికి ఆరో ఏట రావలసింది ఇరవయ్యో ఏట వస్తుంది. మొత్తం కేసులు తగ్గుతాయి, లోపాలతో పుట్టే పిల్లలు పెరుగుతారు! గ్రీసులో జరిగింది ఇదే. 1980లంతా అక్కడ సగం మంది పిల్లలకు కూడా టీకా అందలేదు. 1993లో రుబెల్లా విరుచుకుపడింది, ఆ వెనకే లోపాలతో శిశువులు పుట్టారు. సగం మంచి పని చేసి చెడు కొనితెచ్చుకోవడం అంటే అదే. అందుకే పసివాళ్లకు మామూలుగా ఇవ్వడం మొదలుపెట్టే ముందు, 15 ఏళ్ల లోపు అందరికీ ఒకేసారి వేసి వైరస్‌కు దారులు మూసేయాలి.

“ఈ సూది ముఖ్యంగా మీ వాడి కోసం కాదు పిన్నీ, వాడి తరగతిలో ఉన్న అమ్మాయికి పదేళ్ల తర్వాత పుట్టబోయే బిడ్డ కోసం” అన్నాను. “ఆ ముక్క వాళ్లే చెప్పవచ్చు కదా” అంది. వాడు మర్నాడు బడికి వెళ్లాడు.

ఆర్థికశాస్త్రం నాకు తరగతి గదిలో ఒంటబట్టలేదు. 2014 జనవరిలో, పిల్లలకు వాంతులు, విరేచనాలు వస్తే కుటుంబానికి ఎంత ఖర్చవుతుందో తెలుసుకునే సర్వేలో, గుంటూరు జిల్లాలోని ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో కూర్చున్నాను. చేతిలో ఎనిమిది పేజీల ప్రశ్నావళి. ఎదురుగా మంచం మీద తొమ్మిది నెలల బాబుకు సెలైన్ ఎక్కుతోంది. ఎంత ఖర్చయిందమ్మా అంటే ఆ తల్లి వేళ్లు మడిచి చెప్పింది: ముందు ఊళ్లో ఆర్‌ఎంపీకి మూడు వందలు, ఆటోకు నూట యాభై, బయట కొన్న మందులు, తోడు వచ్చిన అత్తగారికి టిఫిన్. నేను రాసుకుంటూ పోయాను. “ఐదు వేలు తెచ్చాను, నూటికి మూడు రూపాయల వడ్డీ. అది ఎక్కడ రాస్తారు?” అని అడిగింది. వడ్డీకి ప్రశ్నావళిలో గడి లేదు. పక్కన మార్జిన్‌లో రాసుకున్నాను.

ఆ మార్జిన్‌లోని మాటే తర్వాత నన్ను ఏళ్ల తరబడి వెంటాడింది. కారణం ఏమిటంటే, మేము భవిష్యత్తులో వచ్చే ప్రయోజనాన్ని ఈనాటి విలువకు తగ్గించి లెక్కిస్తాం. అంతర్జాతీయంగా అలవాటైన రేటు ఏడాదికి మూడు శాతం. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే వంద రూపాయలు ఆ రేటుతో నేడు 55 రూపాయలు. ఆ తల్లి చెప్పిన మూడు నెలకు మూడు, అంటే ఏడాదికి 36. ఆ రేటుతో అదే వంద నేడు పావలా కూడా చేయదు. ఆమెకు రేపటి కంటే ఇవాళ అంత బరువు. కాలేయ క్యాన్సర్‌ను ఎప్పుడో నలభై ఏళ్ల తర్వాత తప్పించే హెపటైటిస్ బీ లాంటి టీకాను ఇలాంటి లెక్కలో పెడితే దాని విలువ దాదాపు మాయమైపోతుంది. సర్కారు తరఫున లెక్క కట్టేటప్పుడు 36 వాడకూడదు, నిజమే. ఆ అప్పును ఖర్చుల్లోనే చూపకపోవడం మాత్రం మా తప్పు.

ఇంకొకటి. ఆమె మిరప కోతల కూలీ. మన దేశంలో రోటావైరస్ అనే వైరస్ వల్ల పసిపిల్లలకు వచ్చే విరేచనాలు ఎక్కువగా చలికాలంలోనే వస్తాయి. మిరప కోతలూ ఆ రోజుల్లోనే మొదలవుతాయి. ఏడాది సగటు కూలిని తీసుకుని ‘నాలుగు రోజుల వేతన నష్టం’ అని రాస్తే, చేతికి పని దొరికే నాలుగు రోజులే పోయాయన్న సంగతి మోడల్‌కు తెలియదు. ఈ ఒక్క సవరణకు మా బృందంలో రెండు వారాలు వాదులాట జరిగింది.

ఆ వాదన అంతా రోటావైరస్ టీకా కోసమే. హైదరాబాదు భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను 56 శాతం తగ్గించిందని పరీక్షల్లో తేలింది. “సగమేనా?” అని పెదవి విరిచినవాళ్లు చాలామంది. దేశంలో ఏటా ఐదేళ్ల లోపు పిల్లలు సుమారు 78 వేల మంది రోటావైరస్‌తో చనిపోతున్నారని అప్పటి అంచనా. మోతాదు ఒక డాలరు, ఆనాటి లెక్కలో అరవై రూపాయల పైన. ఈ మూడు సంఖ్యలనూ పక్కపక్కన పెడితే ‘సగమేనా’ అన్న మాట నిలబడదు. 2016లో జాతీయ కార్యక్రమంలోకి తీసుకున్న తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అందులో నా లెక్కల పాత్ర ఉందని చెప్పను, అంత సీన్ లేదు.

పైగా నా తొలి లెక్క తప్పు. ఒక సమావేశంలో టీకా ఎంత చవకో గర్వంగా పటం వేసి చూపించాను. వెనక వరసలో టీకాల స్టోరు చూసుకునే ఫార్మసిస్టు ఒకాయన చెయ్యెత్తి, “బిడ్డకు మూడుసార్లు కదమ్మా వేసేది? ఆరు, పది, పద్నాలుగు వారాలకు” అన్నారు. నేను ఒక్క మోతాదు ధరే గుణించాను. సమీకరణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి! అప్పటి నుంచి ఏ పట్టికైనా ప్రచురించే ముందు సీసాలు చేత్తో పట్టుకునే మనిషికి ఒకసారి చూపిస్తాను.

మరో హెచ్చరిక. కరోనా రోజుల్లో అపార్ట్‌మెంటు లిఫ్టులో ప్రతివాళ్లూ “ఎప్పుడు తగ్గుతుంది?” అని అడిగేవారు. 2020 అక్టోబరులో ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం ఒకటి, మరుసటి ఫిబ్రవరికల్లా తగ్గుముఖం పడుతుందని మోడల్ ఆధారంగా చెప్పింది. ఏప్రిల్, మే నెలల్లో ఏమైందో అందరం చూశాం. అందులో ఉన్నవాళ్లు తెలివి తక్కువవాళ్లేమీ కాదు. తేదీ అడిగితే తేదీ చెప్పారు. ‘టీకా ముందు ముసలివాళ్లకు వేస్తే ఏమవుతుంది, కుర్రవాళ్లకు వేస్తే ఏమవుతుంది’ అని అడిగితే మా మోడళ్లు కాస్త నమ్మకంగా మాట్లాడతాయి.

బతుకుతెరువు సంగతి సూటిగా చెబుతాను. పీహెచ్‌డీలో చేరాక జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక భత్యం దొరికితే నెలకు 37 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. తర్వాత చాలా ఏళ్లు ప్రాజెక్టు ఉద్యోగాలే, ఏడాదికోసారి కొనసాగింపు కాగితం కోసం ఎదురుచూపులు. ఆ ఎదురుచూపులు నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చవు. స్వదేశంలో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, బెంగళూరు ఐఐఎస్సీ వైపు చూడండి. 2017లో కేంద్రం వైద్య సాంకేతికతల విలువ కట్టే విభాగాన్ని పెట్టాక ఆర్థికశాస్త్రం వైపు అవకాశాలు పెరిగాయి. బయట లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్, ఇంపీరియల్ కాలేజీ పెద్ద కేంద్రాలు. పేద దేశాలకు టీకాలు అందేలా చూసే గావి లాంటి సంస్థలకు కావలసిన అంచనాలు వేసేది ఇలాంటి బృందాలే. గణాంకాలకు వాడే ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష బాగా నేర్చుకోండి. రెండు పేజీల్లో కలెక్టరుకు అర్థమయ్యేలా రాయడం ఇంకా బాగా నేర్చుకోండి, దానికే కరువు.

బ్యాంకు పరీక్ష రాయండి, తప్పేమీ లేదు. నేనూ రాశాను. ప్రిలిమ్స్ దాటాను, మెయిన్స్‌లో పోయింది.

ఈలోపు ఒక చిన్న పని. బుధవారం మీ ఊళ్లో టీకాలు వేసేచోట ఏఎన్‌ఎం అనుమతి అడిగి పొద్దుటి నుంచి కూర్చోండి. తట్టు-రుబెల్లా సీసాలో పొడిని కలిపాక నాలుగు గంటల్లో వాడకపోతే మిగిలింది పారేయాలి. ఎప్పుడు తెరిచారో, ఎంతమంది పిల్లలు వచ్చారో, ఒక్క బిడ్డే వస్తే సీసా తెరవడానికి ఆమె ఎంత తటపటాయించిందో, చివరికి ఎన్ని మోతాదులు పారేశారో రాసుకోండి. నాలుగు బుధవారాలు అయ్యాక ఆ కాగితం ఇక్కడే పెట్టండి, దానితో మొదటి మోడల్ ఎలా కట్టాలో కలిసి చూద్దాం.