నెల తక్కువ పిల్లకి థైరాయిడ్ ఒక్కసారి చూస్తే చాలదు

బుజ్జీ,

నిన్న మళ్లీ ఏడ్చావని మీ అమ్మ చెప్పింది. పక్కింటి పిల్లాడు మన చంటిదాని ఈడే, వాడు బోర్లా పడుతున్నాడు, ఇది ఇప్పుడిప్పుడే మెడ నిలుపుతోంది, అంతేగా? నువ్వు కన్నది 31 వారాలకి. ఈ ఐదు నెలల్లోంచి ఆ తక్కువైన 9 వారాలు తీసెయ్, మూడు నెలల పిల్ల. ఇక తప్పేముంది? రెండేళ్లు నిండేదాకా బరువూ పొడవూ తల చుట్టుకొలతా ఈ లెక్కలోనే చూడాలి.

నా టెన్షన్ అంతా థైరాయిడ్ గురించి. మూడో రోజు మడమ గుచ్చి చూశారు, నార్మల్ అన్నారు, మళ్లీ చూడలేదన్నావు. నెల తక్కువ పిల్లల్లో మెదడు నుంచి థైరాయిడ్‌కి కబురు వెళ్లే ఏర్పాటే ఇంకా పచ్చిగా ఉంటుంది, అందుకని టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచెయ్యమని మెదడు పంపే హార్మోన్, థైరాయిడ్ సరిగ్గా పనిచెయ్యకపోతే ఇది పెరుగుతుంది) మొదట్లో మామూలుగా కనిపించి కొన్ని వారాలకి పెరగొచ్చు. రెండు నుంచి నాలుగు వారాల మధ్య మళ్లీ చూడాల్సింది. ఆలస్యమైంది సరే, ఈ వారమే డాక్టర్‌ని అడిగి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో చూసేది) రెండూ చేయించు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పొడుగు ఒక్కటే కాదు, బుర్ర ఎదుగుదల కూడా దెబ్బతింటుంది, పైకేమో చాన్నాళ్లు ఏమీ తెలియదు.

ఒకవేళ థైరాయిడ్ మాత్ర రాస్తే మా ఇంట్లో జరిగింది గుర్తుపెట్టుకో. మనవడికి మాత్ర వేస్తున్నా టీఎస్‌హెచ్ దిగలేదు, డోసు కూడా పెంచారు. ఒకరోజు పొద్దున్నే చూద్దును కదా, కోడలు మాత్ర పొడీ ఐరన్ చుక్కలూ ఒకే ఉగ్గుగిన్నెలో కలిపి పట్టేస్తోంది! 30 ఏళ్లు పిల్లల వార్డులో నర్సుగా చేసి, సొంత మనవడి దగ్గర అది చూసుకోలేదు నేను. ఐరన్, కాల్షియం ఆ మందుని ఒంటికి పట్టనివ్వవు, నాలుగు గంటలైనా ఎడం ఉండాలి. మాత్రని రెండు చెంచాల మధ్య నలిపి, ఒక్క చెంచా నీ పాలల్లో కలిపి పట్టు, అడుగున తెల్లగా మిగిలితే ఇంకో నాలుగు చుక్కలు పోసి అదీ పట్టెయ్. సీసా నిండా పాలల్లో మాత్రం కలపకు, సగం తాగి వదిలేస్తే ఎంత మందు లోపలికెళ్లిందో ఎవరికి తెలుసు?

రొమ్ముల దగ్గర చిన్న గడ్డలా ఉందన్నావు. నెల తక్కువ ఆడపిల్లల్లో ఈ వయసులో హార్మోన్లు కొన్నాళ్లు ఎక్కువగా ఉంటాయి, చాలామందిలో అదే తగ్గిపోతుంది. డాక్టర్‌కి చూపించు, మీ అత్తగారిని మాత్రం నూనె రాసి పిండనివ్వకు, చీము పడుతుంది. ఆవిడ కోప్పడితే నా పేరు చెప్పు.

పొడుగు పెరగడానికి గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు వేయించాలా అన్నావు, ఆ మాట ఇప్పుడెందుకు? నెలలు తక్కువ కావడం వేరు, ఆ నెలలకి తగ్గ బరువు లేకపోవడం వేరు. బరువు తక్కువగా పుట్టినవాళ్లు కూడా ఎక్కువమంది రెండేళ్లకి అందుకుంటారు, అందుకోనివాళ్లకే ఆ ఆలోచన. గ్రోత్ హార్మోన్ రోజంతా పడుతూ లేస్తూ ఉంటుంది కాబట్టి ఊరికే ఒకసారి రక్తం తీస్తే ఏమీ తేలదు, ఆ డబ్బు దాచుకో.

డిశ్చార్జి కాగితాలు పట్టుకెళ్లు. రిపోర్టు రాగానే ఫోటో పంపు, రాత్రయినా మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ